ఆటిజం పిల్లలకు కడుపు సమస్యలు ఎందుకు? ఎక్కడ చూపించాలి?

మీ బిడ్డకు ఆటిజం ఉందా? ఉన్నట్టుండి ఏడవడం, తల బాదుకోవడం, రాత్రిళ్లు నిద్రపోకపోవడం కనిపిస్తే మొండితనం అనుకోకండి. కడుపునొప్పి కావచ్చు. మాటల్లో చెప్పలేని పిల్లలు బాధను ఇలా కూడా చూపిస్తారు.

కారణాలేంటి?

తిండి: తెల్లన్నం, బిస్కెట్లు వంటి రెండు మూడు రకాలే తింటే పీచు అందదు, మలబద్ధకం వస్తుంది. ఎక్కువగా కనిపించేది ఇదే.

బిగబట్టడం: బడిలో మరుగుదొడ్డి వాసన, చప్పుడు పడక కొందరు ఆపుకుంటారు. గట్టిపడిన మలం పక్క నుంచి పల్చగా కారుతుంది. దాన్ని విరేచనాలని పొరబడొద్దు.

ఇతర కారణాలు: పాలు అరగకపోవడం, ఛాతీలో మంట, నులిపురుగులు, వాడుతున్న కొన్ని మందులు.

ఏం చేయాలి?

పాలు, గోధుమలు మాన్పిస్తే ఆటిజం తగ్గుతుందనడానికి గట్టి ఆధారాలు లేవు. డాక్టరును అడగకుండా మాన్పించొద్దు. నీళ్లు బాగా తాగించండి. రాగి సంగటి, ఆకుకూర కొద్దికొద్దిగా అలవాటు చేయండి. మలంలో రక్తం, ఆగని వాంతులు, బరువు తగ్గడం ఉంటే ఆలస్యం చేయొద్దు.

ఎక్కడికి వెళ్లాలి?

వెంకటగిరికోటలో ఉంటే ముందు దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో చూపించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్లలోపు పిల్లలను అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో ఉచితంగా పరీక్షిస్తారు. అవసరమైతే జిల్లా డీఈఐసీకి పంపుతారు. వైకల్య ధ్రువపత్రం ఉంటే కేంద్రం 'నిరామయ' బీమాకు దరఖాస్తు చేయొచ్చు. ఏడాదికి రూ.1 లక్ష వరకు వైద్య ఖర్చులు వస్తాయి.

డాక్టరు దగ్గరకు వెళ్లేముందు వారం రోజులు తిండి, మలవిసర్జన, ఏడుపు వేళలు రాసిపెట్టండి. బిడ్డ చెప్పలేనిది ఆ కాగితం చెబుతుంది.