నీలి డాన్యూబు వాల్ట్జ్ : లయ, శ్రుతి, భావము

తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరాలయముకడ నిలిచి చూచినవారికి పెన్న కనబడును. అందు నీరు కనబడుట మాత్రము అరుదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియు ఈ అనంతపురపు మెట్టభూములలో నది యనగా చాల నెలలు ఇసుకయే. ఇట్టిచోట రేడియో ముందు కూర్చుండి, నిండుగా పారు ఐరోపా నది యొకదాని పేరు పెట్టుకొన్న వాద్యబృంద రచనను విని మనము సంతోషించుచున్నాము. ఆ సంతోషము నదివలన కలిగినదా? కాదని మా అభిప్రాయము. అది లయలోను శ్రుతిలోను ఉన్నది.

రచయిత వియన్నా నగరవాసి, రెండవ యోహాన్ స్ట్రాస్. 1866లో ఆస్ట్రియా ప్రష్యా చేతిలో ఓడిపోయినది. ఆ దిగులు ఇంకను తీరకుండగనే, 1867 ఫిబ్రవరి 15న, వియన్నా పురుష గాయక సంఘమువారు దీనిని మొదటిసారి పాడిరి. నాటి మాటలు హాస్యపు మాటలు. ఆ సంవత్సరమే పారిస్ ప్రదర్శనలో వాద్యరూపమున వినిపించి లోకప్రసిద్ధమయ్యెను. డాన్యూబు నీరు నీలముగా నుండదుగదా యని వేళాకోళమాడువారు నేటికిని కలరు.

వాల్ట్జ్ అనగా మూడు దెబ్బల నడక. కచేరీలో రూపకతాళమును రెండు దెబ్బలు, ఒక విసురుగా లెక్కించుట ఎరిగినవారికి ఇది వెంటనే అందును. ఒకే రోటిలో ముగ్గురు స్త్రీలు వంతులువేసికొని దంచునపుడు వినబడునదియు మూడింటి లెక్కయే. కాని అందు మూడు పోట్లును సమానము. వాల్ట్జ్‌లో మొదటిది బరువు, తక్కిన రెండును తేలిక. వియన్నా నాట్యశాలలో నిమిషమునకు ఇంచుమించు 60 ఆవృత్తములు నడచును. గడియారములో సెకన్ల ముల్లు ఒక్క అడుగు వేయునంతలో మూడు దెబ్బలును ముగియవలెను. ఇంగ్లండులో స్థిరపడిన నిదానపు వాల్ట్జ్‌కు ఇందులో సగమే వేగము.

వియన్నా వాదకులు రెండవ దెబ్బను రవంత ముందుగా వేయుదురు. మూడవదానికి ముందు చిన్న యెడము మిగులును. కాగితముమీద మూడును సమానముగనే వ్రాయబడియుండును. వాదకుడు చెవితో నేర్చుకొనవలసినదే. మన మృదంగ విద్వాంసులకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. ఆ చిన్న తేడాచేతనే నడక గడియారపు నడక కాక, మనిషి నడక యగుచున్నది.

ఇచట ఒక పొరపాటును చెప్పుకొనవలెను. మా యింట ఒకప్పుడు కీ యిచ్చి త్రిప్పు గ్రామఫోను ఉండెడిది. స్ప్రింగు సడలినకొలది పాట నెమ్మదించుటయే గాక, శ్రుతియు దిగజారెడిది. ఆడుగొంతు మగగొంతగుట విని పిల్లలము పడిపడి నవ్వెడివారము. వేగము తగ్గినచో శ్రుతియు తగ్గునని చాలకాలము నమ్మితిమి. అది యంత్రపు లోపమే గాని సంగీతధర్మము కాదు. మంచి బృందము శ్రుతిని చెదరనీయక వేగమును మాత్రమే బిగించుచు, సడలించుచు నుండును. నీలి డాన్యూబులో మొదటి వాల్ట్జ్ తటపటాయించుచు అడుగిడి, పిమ్మట వేగమందుకొనును. శ్రోతలు దీనిని గమనింతురుగాక.

దీని ప్రధాన శ్రుతి డి మేజర్. మన హార్మోనియం లెక్కలో రెండు శ్రుతి. స్వరములు 29వ మేళమగు ధీరశంకరాభరణపు స్వరములే. ముత్తుస్వామి దీక్షితులవారి నొట్టుస్వర సాహిత్యములును ఈ స్వరములలోనివే. ఇంగ్లండు రాజగీతపు మట్టునకు వారు కూర్చిన సంస్కృత సాహిత్యము మూడు దెబ్బల నడకదే. కావున ఈ బాణీ మన చెవికి కేవలము పరాయిది కాదు.

తేడా వేరొకచోట నున్నది. మన కచేరీలో తంబురా పలికించిన షడ్జము తుదివరకు కదలదు. వారు షడ్జమునే కదల్తురు. ఈ రచనకు పీఠిక రెండు శ్రుతిలో మొదలు కాదు. దానికి పంచమమగు ఆరు శ్రుతిలో మొదలగును. ఫిడేళ్ళు సన్నగా వణకుచుండగా, కొమ్ము వాద్యము స-గ-ప లను మెల్లగా పలుకును. చెవి ఇంకను ఇల్లు చేరలేదని ఎరుగును. ఎచటికో చేరవలెనని ఎదురుచూచును. మొదటి వాల్ట్జ్‌లో అవే స-గ-ప లు రెండు శ్రుతిలో పలికినప్పుడు ఆ ఎదురుచూపు తీరును. రెండవ వాల్ట్జ్ అచటనే మొదలగును. తరువాతివి ఐదు, నాలుగు, ఆరు శ్రుతులకు పోయివచ్చును. ముగింపు మరల రెండు శ్రుతికే.

కావున దీనిని ఒక్కమాటలో ఆనందపు రచన యనుట మాకు సమ్మతము కాదు. మబ్బు పట్టిన ఆషాఢపు సాయంకాలము, చినుకు పడునో పడదో యని వాకిట నిలిచినవారి మనసు ఆ పీఠికలో నున్నది. దీనికి నది పేరు కూడ అవసరము లేదు. 1968లో వచ్చిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ చిత్రములో కారయాన్ నిర్వహించిన బెర్లిన్ ఫిల్హార్మోనిక్ రికార్డునకు ఆకాశనౌకలు తేలియాడును. చుక్క నీరు లేనిచోట ఆ సంగీతము చక్కగా నప్పినది.

వియన్నా నూతన సంవత్సర కచేరీ రికార్డు వినువారు పీఠికలో కరతాళధ్వనులు చెలరేగి వాద్యములు ఆగినచో రేడియో చెడినదని బటను త్రిప్పవద్దు. సభకు శుభాకాంక్షలు చెప్పి మరల మొదలుపెట్టుట అచటి ఆచారము. అటులనే, తుదియందు మొదటి పాట నెమ్మదిగా తిరిగివచ్చినప్పుడు అయిపోయినదనుకొని లేవవద్దు. ఆ నెమ్మది కొద్ది క్షణములే. డోలు మ్రోతతో బృందమంతయు ఒక్కపెట్టున పరుగిడి ముగించును.