ప్రతులు – పరిరక్షణ

గోల్కొండను 1550 నుండి 1580 వరకు పాలించిన ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు ‘మల్కిభరాముడు’ అని గౌరవించారు. అద్దంకి గంగాధరకవి తన ‘తపతీ సంవరణోపాఖ్యానము’ను ఆయనకు అంకితమిచ్చాడు. రంగారెడ్డి జిల్లాలోని ఇబ్రహీంపట్నం, అక్కడి పెద్ద చెరువు నేటికీ ఆ ప్రభువు పేరును తలపిస్తున్నాయి. చెరువు నిలిచింది గట్టు వల్ల. కావ్యం నిలిచింది ప్రతుల వల్ల. తాళపత్రం శిథిలం కాకముందే మరొకరు దానిని చూచి వేరొక ప్రతి వ్రాసుకొనేవారు. ఒకటి నశించినా మరొకటి మిగిలేది.

నేటి కుటుంబాల వ్రాతప్రతులు కంప్యూటరు ఫైళ్లు. ఇబ్రహీంపట్నంలోనే ఒక ఇంటిని ఊహించవచ్చు. నాయనమ్మ పాడిన బతుకమ్మ పాటలు మనుమరాలి సెల్‌ఫోనులో ఉన్నాయి. పొలం కాగితాల నకళ్లు తండ్రి కంప్యూటరులో ఉన్నాయి. ఫోను బస్సులో జారిపోతే మరొకటి కొనుక్కోవచ్చు. నాయనమ్మ గతించిన తరువాత ఆ గొంతును మరల సంపాదించడం ఎవరి తరమూ కాదు. అందుచేత ప్రతులు కల్పించుకొనే పద్ధతిని ప్రతి కుటుంబమూ తెలుసుకోవాలి.

ఇందుకు ఉపకరించే సాధనాలలో ఒకటి నెట్‌వర్క్ నిల్వపెట్టె. ఒకటి లేదా అంతకంటె ఎక్కువ హార్డ్‌డిస్కులు గల ఈ చిన్న కంప్యూటరును తీగ ద్వారా ఇంటి రౌటరుకు కలుపుతారు. ఇంట్లోని ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ దీనితో సంభాషించగలవు. ఇంటర్నెట్టు ఆగిపోయినా ఇంటి లోపలి రాకపోకలకు ఆటంకం ఉండదు. విద్యుత్తు హఠాత్తుగా పోయినప్పుడు ఫైళ్లు చెడకుండా దీనికి యు.పి.ఎస్. అమర్చడం మంచిది.

దీనిని సిద్ధం చేయడంలో మొదటి పని చిరునామా. రౌటరు తనతో కలిసిన ప్రతి పరికరానికి సంఖ్యారూపమైన చిరునామాను ఇస్తుంది. నిల్వపెట్టె చిరునామా తరచు మారకుండా రౌటరులోనే స్థిరపరచాలి. తరువాత ఇంటిలోని ఒక్కొక్కరికి వేరు పేరు, వేరు సంకేతపదం, వేరు ఫోల్డరు ఏర్పరచాలి. ఆపైన ఫైళ్లను సమకాలీకరించే సాఫ్ట్‌వేరును పెట్టెలోనూ, ఇతర పరికరాలలోనూ స్థాపించాలి. ఒకచోట జరిగిన మార్పును మిగిలిన చోట్లకూ చేర్చి, అన్ని ప్రతులనూ సమానంగా ఉంచడమే సమకాలీకరణ.

అట్టి సాఫ్ట్‌వేర్లలో 2013లో వెలువడిన ‘సింక్‌థింగ్’ ఒకటి. ఇది ఉచితంగా లభిస్తుంది. దీనిలో ప్రతి పరికరానికి అక్షరాలు, అంకెలతో కూడిన దీర్ఘమైన గుర్తింపు ఉంటుంది. రెండు పరికరాలు పరస్పరం ఆ గుర్తింపును అంగీకరించిన తరువాతనే ఫైళ్ల మార్పిడి మొదలవుతుంది. ఫైలును ఇది ఖండాలుగా విభజించి, ఒక్కొక్క ఖండానికి ఒక గణితముద్రను లెక్కిస్తుంది. ముద్ర మారిన ఖండాలను మాత్రమే పంపుతుంది. మొత్తం గ్రంథాన్ని తిరిగి వ్రాయక, మారిన ఆకులను మాత్రమే మార్చినట్లుగా ఈ పని సాగుతుంది. మారిన భాగాన్ని మాత్రమే పంపే ఆలోచన కొత్తది కాదు. 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరాస్ రూపొందించిన ‘ఆర్‌సింక్’ ఈ ఆలోచనతోనే ప్రసిద్ధి పొందింది.

ఒకే ఫైలును ఇద్దరు వేరువేరు చోట్ల ఒకే సమయంలో మార్చితే ఏమవుతుంది? సింక్‌థింగ్ ఒక రూపాన్ని అసలు పేరుతో ఉంచి, రెండవదానిని తేదీతో కూడిన వేరొక పేరుతో భద్రపరుస్తుంది. ప్రాచీన గ్రంథాలలోని పాఠాంతరం వంటిదే ఇది. ఏది గ్రాహ్యమో మనిషే నిర్ణయించాలి.

అయితే ఇక్కడే ఒక పెద్ద ప్రమాదం పొంచి ఉంది. ఫోనులో చోటు చాలదని మనుమరాలు పాటలను తొలగిస్తే, ఆ తొలగింపు కూడా ఒక మార్పే. సాఫ్ట్‌వేరు దానిని నమ్మకంగా నిల్వపెట్టెకు చేరవేస్తుంది. అక్కడి పాటలూ మాయమవుతాయి. ఫోనును ‘పంపుట మాత్రమే’ అని నిర్ణయించినా తొలగింపు చేరకుండా ఆగదు. 2017 మే నెలలో ‘వన్నాక్రై’ అనే దుష్ట ప్రోగ్రాము అనేక దేశాల కంప్యూటర్లలోని ఫైళ్లను తెరవరాకుండా బంధించింది. అటువంటి దాడిలో చెడిన ఫైలు కూడా సమకాలీకరణ మార్గంలోనే ఇతర పరికరాలకు ప్రవహించగలదు.

సి. పి. బ్రౌను (1798–1884) కడపలో పండితులను, వ్రాయసగాండ్రను నియమించి, ఒకే గ్రంథానికి పలు ప్రతులు సేకరించి, వాటిని పోల్పించి శుద్ధప్రతులు సిద్ధం చేయించాడు. ప్రతులు పరస్పరం భిన్నంగా ఉండడం వల్లనే లేఖకప్రమాదాలను గుర్తించడం సాధ్యమైంది. అన్ని ప్రతులూ ఒకేసారి ఒకే విధంగా మారిపోతే, తప్పును సరిచూచుకొనడానికి ఆధారమే మిగలదు. కాబట్టి సమకాలీకరణ వేరు, పరిరక్షణ వేరు.

ఈ లోపాన్ని రెండు విధాల పూరించవచ్చు. మొదటిది, నిల్వపెట్టెలోని సింక్‌థింగ్‌లో పాత రూపాలను దాచే ఏర్పాటు. అది తనంతట తాను పనిచేయదు. ఫోల్డరు ఏర్పరచేటప్పుడే దానిని ఎంచుకోవాలి. అప్పుడు వేరొకచోట తొలగించినవి, మార్చినవి పెట్టెలో కొంతకాలం ప్రత్యేకంగా నిలిచి ఉంటాయి. రెండవది, సమకాలీకరణతో సంబంధం లేని విడి ప్రతి. నెలకొకసారి వేరొక డిస్కులోకి నకలు తీసి, తీగ విప్పి, మరొక ఊరిలోని బంధువుల ఇంట ఉంచాలి. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరొక చోట అన్నది నిపుణులు చెప్పే సూత్రం. పెట్టెలో రెండు డిస్కులు జంటగా ఉన్నంత మాత్రాన ఈ సూత్రం నెరవేరదు. దొంగతనం, అగ్నిప్రమాదం రెండింటినీ కలిపే హరిస్తాయి.

చివరగా, దాచిన ప్రతిని అప్పుడప్పుడు తెరచి చూడాలి. చదవడానికి రాని ప్రతి లేని ప్రతితో సమానం. ఏటా బతుకమ్మ పండుగనాడు ఆ విడి డిస్కు నుండి నాయనమ్మ పాటను ఒకసారి వినిపిస్తే పరీక్షా పూర్తవుతుంది, పాటా తరువాతి తరానికి అందుతుంది.

ప్రశ్నలు
1. సమకాలీకరణకు, పరిరక్షణకు గల భేదాన్ని వివరించండి.
2. పాఠాంతరాన్ని వ్యాసంలో దేనితో పోల్చారు? ఎందుకు?
3. మీ ఇంటిలో తిరిగి సంపాదించలేని ఫైళ్లు ఏవి? వాటిని ఎట్లా కాపాడుతారో వ్రాయండి.