దంతధావనం

మన ఇళ్లలో తెల్లవారగానే జరిగే తొలి పని పళ్లు తోముకోవడం. వేపపుల్ల, కానుగపుల్ల, కచ్చిక, ఉప్పు మొదలైన వాటి స్థానాన్ని నేడు బ్రష్షు, పేస్టు ఆక్రమించాయి. సాధనాలు మారాయి గాని, అలవాటులోని లోపం మారలేదు. ఉదయం శ్రద్ధగా పళ్లు తోముకొనేవారిలో చాలామంది రాత్రి ఆ మాటే తలపెట్టరు.

చరక సంహిత దంతధావనానికి రెండు వేళలను విధించింది. వగరు, కారం, చేదు రుచులు గల పుల్ల కొనను నలగగొట్టి, చిగుళ్లకు బాధ కలగకుండా తోముకోవాలని చెప్పింది. ఈ రెండు నియమాల వెనుక ఉన్న కారణాలను ఆధునిక దంతవైద్యం వివరిస్తున్నది.

పంటి పైపొరను ఎనామెల్ అంటారు. మానవ దేహంలో ఇంతకన్న కఠినమైన పదార్థం లేదు. అయినా అది ఆమ్లానికి లొంగిపోతుంది. పళ్లపై జిగటగా పేరుకొనే పాచిలోని సూక్ష్మజీవులు మనం తిన్న చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం ఎనామెల్‌లోని ఖనిజాలను కరిగిస్తుంది. లాలాజలం ఆమ్లాన్ని పలుచబరచి, కోల్పోయిన ఖనిజాలను కొంతవరకు తిరిగి చేరుస్తుంది. నిద్రలో లాలాజలం బాగా తగ్గుతుంది. కనుక రాత్రి తోమని పళ్లకు ఆ రక్షణ కొరవడుతుంది.

మెత్తని కుచ్చు గల బ్రష్షును చిగురు, పన్ను కలిసే చోట 45 డిగ్రీల కోణంలో ఆనించి, చిన్న చిన్న కదలికలతో తోమాలి. పళ్ల బయటి వైపు, లోపలి వైపు, నమిలే భాగం అన్నింటినీ శుభ్రపరచడానికి 2 నిమిషాలు పడుతుంది. గట్టిగా రుద్దితేనే పళ్లు తెల్లబడతాయనుకోవడం భ్రమ. అట్లా రుద్దితే చిగుళ్లు జారి, చన్నీళ్లు తగిలినా పళ్లు జివ్వుమంటాయి. చిగుళ్ల నుండి రక్తం వస్తున్నదని తోముకోవడం మానడం మరొక పొరపాటు. చాలావరకు ఆ రక్తానికి కారణం పేరుకొన్న పాచియే.

పేస్టులోని ఫ్లోరైడ్ ఎనామెల్‌ను దృఢపరుస్తుంది. అదే ఫ్లోరైడ్ తాగునీటిలో మితిమీరడం వల్ల నల్లగొండ, ప్రకాశం ప్రాంతాలలో ఎందరికో పళ్లు గారపట్టాయి, ఎముకలు వంగిపోయాయి. మేలుకైనా కీడుకైనా మోతాదే మూలం. అందుకే 3 ఏళ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత పేస్టు చాలు.

ఎనామెల్‌లో నాడులు లేవు. అందువల్ల పుచ్చు మొదలైనప్పుడు నొప్పి తెలియదు. నొప్పి తెలిసేనాటికి పుచ్చు లోపలికి పాకి ఉంటుంది. కరిగి గుంటపడిన ఎనామెల్ మళ్లీ పెరగదు. ఒకసారి ఊడిన పాలపళ్ల స్థానంలో కొత్తవి వస్తాయి. ఆ తరువాత వచ్చిన పళ్లు పోతే ప్రకృతి మరొక అవకాశం ఇవ్వదు. నిద్రకు ముందు వెచ్చించే ఆ 2 నిమిషాల విలువ ఇదే.