గోంగూర మానొద్దు... మాత్ర మరవొద్దు!

చేలో కాలికి ముల్లు దిగితే కాస్త రక్తం కారి దానంతటదే ఆగిపోతుంది. గడ్డకట్టడమన్నది అంత మేలు చేసే గుణం. ఆ గడ్డే గుండెలో కట్టి మెదడుకు కొట్టుకుపోతే మాత్రం పక్షవాతం. కాలి సిరలో కట్టి ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటే ప్రాణాపాయం. అది జరగకుండా వాడేవే రక్తం పలుచబడే మందులు. పేరు అలా పడిపోయింది కానీ, నీళ్లు కలిపిన పాలలా రక్తమేమీ పలుచబడదు. గడ్డకట్టే గుణం తగ్గుతుందంతే.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి రక్తంలోని ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా చూస్తాయి. గుండెపోటు వచ్చినవారికి, స్టెంట్ వేసినవారికి ఇస్తారు. వార్ఫరిన్, అసినోకుమరాల్ దారి వేరు. గడ్డకట్టించే కొన్ని ప్రొటీన్లను కాలేయం విటమిన్-కె సాయంతో తయారుచేస్తుంది. ఈ మందులు ఆ పనికి అడ్డుపడతాయి.

వార్ఫరిన్ కథ పశువుల కొట్టంలో మొదలైంది! 1920ల్లో అమెరికా, కెనడాల్లో బూజుపట్టిన క్లోవర్ గడ్డి మేసిన పశువులు రక్తం ఆగక చచ్చిపోయేవి. 1933లో విస్కాన్సిన్ రైతు ఒకరు చచ్చిన పెయ్యనూ, పాలక్యాన్ నిండా గడ్డకట్టని రక్తాన్నీ మంచు తుపానులోనే విశ్వవిద్యాలయానికి మోసుకెళ్లాడు. కార్ల్ పాల్ లింక్ బృందం ఆ గుట్టు విప్పింది. అలా పుట్టిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా, 1954లో మనుషుల మందుగా వచ్చింది. 1955లో గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసన్‌హోవర్‌కూ దీన్నే ఇచ్చారు.

నాగర్‌కర్నూల్ జిల్లా ఉప్పునుంతల లాంటి మండలాలకు ఈ మందుతో పని ఎక్కువగా కీళ్లవాతం వల్ల దెబ్బతిన్న గుండె కవాటాలతోనే. చిన్నప్పటి గొంతునొప్పి కీళ్ల జ్వరంగా మారి, ఏళ్ల తర్వాత వాల్వు పాడవుతుంది. 2007లో ఆరోగ్యశ్రీని తొలుత మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో ఉప్పునుంతల అప్పుడున్న మహబూబ్‌నగర్ ఒకటి. దాంతో వాల్వు ఆపరేషన్ కూలీ కుటుంబాలకూ అందింది. అయితే ఆపరేషన్ ఒక్కసారితో అయిపోతుంది, లోహపు వాల్వుకు మాత్ర మాత్రం జీవితాంతం. అపిక్సబాన్, రివరాక్సబాన్ లాంటి కొత్త మందులకు తరచూ పరీక్షలు అక్కర్లేదు, కానీ లోహపు వాల్వు ఉన్నవారికి అవి పనికిరావు. పక్కింటాయన వాడుతున్నాడని మార్చుకుంటే వాల్వు మీదే గడ్డ కట్టొచ్చు.

మోతాదు సరిపోయిందో లేదో చెప్పేది ఐఎన్‌ఆర్ రక్తపరీక్ష. మందు వాడనివారికి 1 దగ్గర ఉంటుంది. వాడేవారికి సాధారణంగా 2-3 మధ్య, కొన్ని వాల్వులకు ఇంకాస్త ఎక్కువ ఉండాలి. తగ్గితే గడ్డ, పెరిగితే రక్తస్రావం. బస్సు ఛార్జీలు, ఆ రోజు కూలి లెక్కేసుకుని పరీక్ష వాయిదా వేసేవాళ్లే ఎక్కువ. వారిని తప్పుపట్టలేం. అయినా పరీక్ష లేకుండా ఈ మాత్ర మింగడం గుడ్డిగా బండి తోలడమే.

గోంగూర, తోటకూర, పాలకూరల్లో విటమిన్-కె ఉంటుంది. అందుకని పూర్తిగా మానేయక్కర్లేదు. వారానికి రెండుసార్లు తినేవారు అలాగే తింటే చాలు, డాక్టరు మోతాదు దానికి తగ్గట్టే కుదురుస్తారు. ఆషాఢం వచ్చిందని ఉన్నట్టుండి రోజూ మునగాకు తింటేనే చిక్కు.

ఒళ్లునొప్పులకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వీరికి ప్రమాదం. కడుపులో రక్తస్రావం కావొచ్చు. ఆర్ఎంపీ దగ్గర పిరుదుకు సూది వేయించుకుంటే కండలోనే రక్తం గడ్డకడుతుంది. కొన్ని యాంటీబయాటిక్‌లు, పసరు మందులూ ఐఎన్‌ఆర్‌ను తారుమారు చేస్తాయి. పన్ను పీకించుకోవాలన్నా ముందే డాక్టరుకు చెప్పాలి, మాత్ర సొంతంగా ఆపకూడదు. మాత్ర మరిచిపోతే ఆ రోజులోగా గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. మర్నాడు రెండు కలిపి వేసుకోవద్దు. మలం తారులా నల్లగా వచ్చినా, మూత్రం ఎర్రబడినా, తలకు దెబ్బ తగిలినా, పైకి గాయం లేకపోయినా సరే, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

వాల్వు జబ్బు వయసులో ఉన్న ఆడపిల్లల్లోనూ ఎక్కువే. తొలి నెలల్లో వార్ఫరిన్ కడుపులోని బిడ్డకు హాని చేస్తుంది. నెల తప్పాక కాదు, బిడ్డ కావాలనుకున్నప్పుడే డాక్టరును కలిస్తే ఆ కొన్నాళ్లకు హెపారిన్ ఇంజెక్షన్లకు మార్చాలా అన్నది ఆలోచిస్తారు.