దుఃఖితునికి హాస్యనవల

దుఃఖములో నున్న మిత్రునికి నవ్వించు పుస్తక మొకటి ఇచ్చుట లోకములో నున్న మర్యాదయే. కాని ఆ పుస్తకము ఏది కావలెనను ప్రశ్న తేలికైనది కాదు. మిత్రుడు ఎదురింట నున్నచో నేడు ఇచ్చినది నచ్చనప్పుడు రేపు వేరొకటి ఈయవచ్చును. దక్షిణ అండమానులో, 2024 వరకు పోర్టుబ్లెయిరని పేరున్న శ్రీవిజయపురమునకు సమీపమున నున్న ఆస్టినాబాదులో అతడున్నచో ఆ వీలు లేదు. నడుమ వేయి కిలోమీటర్లకు మించిన సముద్రము కలదు. 2011 జనాభా లెక్కల ప్రకారము ఆ ద్వీపములలో నూటికి 13 మంది తెలుగు మాతృభాషగా గలవారు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి వెళ్లినవారు వారిలో అనేకులు. స్వగ్రామములో అయినవారికి కీడు జరిగినప్పుడు అందరును వెంటనే బయలుదేరి రాలేరు. అట్టివాని చేతికి చేరు పుస్తకము పరామర్శకు వచ్చిన మనిషి వంటిది. ఎంపికలో పొరపాటు జరిగినచో పుస్తకము మూలబడుటయే కాదు, పంపినవాడు తన బాధ నెరుగలేదని మిత్రుడు తలచును.

ఈ చిక్కును మన ఆలంకారికులు ఏనాడో గుర్తించిరి. హాస్యమునకు కరుణము విరోధి. శోకము నిండిన హృదయములో హాస్యమును తెచ్చి పోసినచో రెండును చెడును. అయితే విరుద్ధరసముల నడుమ, రెంటికిని పడని పగ లేని వేరొక రసమును నిలిపినచో విరోధము తొలగునని ఆనందవర్ధనుడు మార్గము చూపెను. ఇది కావ్యమునకు చెప్పినదే యైనను, పుస్తకము లెంచువానికిని పనికివచ్చును. భరతుడు స్మితము మొదలు అతిహసితము వరకు నవ్వును ఆరు విధములుగా విభజించెను. దుఃఖితునినుండి మొదట ఆశింపదగినది స్మితమే. పడిపడి నవ్వించు పుస్తకము తరువాతి మాట.

కావున మొదట పంపదగినది నవ్వుకంటె ముందు ప్రేమను పుట్టించు పుస్తకము. ముళ్ళపూడి వెంకటరమణ 'బుడుగు' అట్టిది. 1956-57 ప్రాంతమున ఆంధ్రవారపత్రికలో బాపు బొమ్మలతో వెలువడిన ఈ రచనలో పెద్దల లోకమును పసివాడు తన కొలతతో కొలుచును. చదువరికి ముందు వాత్సల్యము కలుగును. నవ్వు దాని వెంట వచ్చును. మునిమాణిక్యం నరసింహారావు కాంతం కథలలో దాంపత్యపు చనువు ఇదే పని చేయును. అవి నవల కాకపోయినను, ఒక సంసారమును గూర్చిన కథలగుటచే చదువరి ఆ యింటి మనిషియే యగును. కాని ఇక్కడ వివేకము కావలెను. బిడ్డను పోగొట్టుకొన్నవానికి 'బుడుగు'ను, భార్యను పోగొట్టుకొన్నవానికి కాంతమును పంపరాదు. ఏ గాయమో తెలియక మందు వేయుట మేలు కాదు.

ఊరు విడిచిన బెంగయే దుఃఖమైనచో మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిష్టర్ పార్వతీశం' తగినది. దీని మొదటిభాగము 1924లో వచ్చినది. మొగల్తూరు కుర్రవాడు ఇంటివారికి చెప్పకుండ సీమకు బయలుదేరును. దొరల టోపీ యనుకొని దొరసానుల టోపీ కొని తల నుంచుకొనును. వికృతవేషము హాస్యమునకు విభావమని భరతుడు చెప్పినదానికి ఇంతకంటె మంచి ఉదాహరణ మేమి కావలెను? అయితే ఈ నవల బలము టోపీలో లేదు. కథ చెప్పువాడు పార్వతీశమే యగుటలో నున్నది. తన తెలివితక్కువను తానే దాచక చెప్పువానిని చూచి నవ్వినచో అవమానింపబడువా డుండడు. సముద్రము దాటి, కొత్త రేవులో బిత్తరపోయిన ప్రతి తెలుగువాడును ఆ టోపీని ఏదో యొక రూపమున ధరించినవాడే. ఆస్టినాబాదు మిత్రుడు తన మొదటి దినములను తలచుకొని పార్వతీశముతో కూడ నవ్వగలడు.

చిలకమర్తి లక్ష్మీనరసింహము 'గణపతి' నవ్వు వేరు. చదువబ్బక, తుదకు తానే బడిపంతులైన గణపతిని చదువరి పైనుండి చూచి నవ్వును. ఆ నవ్వు పుష్కలమైనది. దాని అడుగున పల్లెటూరి పేదరికపు చేదు కూడ కలదు. పరీక్ష తప్పినవాడో, ఉద్యోగము పోయినవాడో దానిని చదివినచో నవ్వువారి పక్షమున గాక గణపతి పక్షమున నిలుచును. అది మనసు కుదుటపడిన పిమ్మట పంపదగిన పుస్తకము.

పంపు పద్ధతి కూడ ముఖ్యమే. 'ఇది చదివి దుఃఖము మరచిపొమ్ము' అని వ్రాయుట ఆజ్ఞ వలె నుండును. తనకు నచ్చిన ప్రకరణమును గుర్తించి, తక్కినది మిత్రునికి విడుచుట మంచిది. పదిదినములు అతడు పుస్తకము తెరవకున్నను తొందర చేయరాదు.

హాస్యనవలను కాలక్షేపపు సరుకని ప్రక్కకు నెట్టుట సాహిత్యలోకములో అలవాటైనది. విషాదాంత నవలకు దొరకు చర్చలో సగమైనను దీనికి దొరకదు. కాని దుఃఖితుడైన మిత్రునికి పుస్తక మెంచవలసి వచ్చిననాడు, చేయి సాచగానే అందునవి ఎన్ని తక్కువయో తెలియును. ఒకరిని కించపరచక నవ్వించు నవల వ్రాయుట కష్టము. అది వ్రాసినవాడు తానెరుగని ఇంట, తానెరుగని దుఃఖితుని ప్రక్కన కూర్చుండుచున్నాడు.