వృక్షరక్షణము - జనదీక్ష : రిచర్డ్ సెయింట్ బార్బ్ బేకర్ కృషి

రిచర్డ్ సెయింట్ బార్బ్ బేకర్ నామము తెలుగు పాఠకులకు సుపరిచితము కాదు. ఆంగ్లదేశమున జన్మించి, ఆఫ్రికాలో అటవీశాఖోద్యోగిగా పనిచేసి, ముప్పదికి పైగా గ్రంథములు రచించి, తొంబదిరెండవయేట కన్నుమూయువరకును వృక్షరక్షణమునే ప్రబోధించిన వాడీతడు. ఈతనిని గూర్చిన రచనలు పెక్కులు ప్రశంసాపరములు. నాటించిన చెట్ల సంఖ్యను బట్టి ఈతని ఘనతను కొలుచుట వానిలోని పరిపాటి. ఆ కొలమానము సరియైనది కాదని నా యభిప్రాయము. ఈతని కృషిలో నిలిచిన భాగమేది, నిలువని భాగమేది యని విభజించి చూచుటయే ఈ వ్యాసమునకు లక్ష్యము.

బేకరు 1889 అక్టోబరు 9వ తేదీన హాంప్‌షైరు మండలమున, సౌతాంప్టన్ నగరసమీపమునందలి వెస్ట్ ఎండ్ గ్రామమున జన్మించెను. తండ్రి నారుమొక్కల తోట నడుపుచుండెడివాడు. బాల్యమున ఒంటరిగా సమీపారణ్యమున దారితప్పి, ఆ చెట్లనడుమ పొందిన యానందమే తన జీవితమునకు మూలమని ఆయన 'మై లైఫ్, మై ట్రీస్' (1970) అను స్వీయచరిత్రలో చెప్పుకొనెను. యౌవనమున కెనడా కేగి, సస్కచెవాన్ విశ్వవిద్యాలయపు తొలినాటి విద్యార్థులలో నొకడయ్యెను. అక్కడ రెండు దృశ్యములు ఆయన మనస్సున నాటుకొనెను. గోధుమసాగుకై చెట్టుచేమలను తొలగించిన మైదానములలో నేలమన్ను గాలికి ఎగిరిపోవుచుండెను. కలపశిబిరములలో నరికినదాన ఎంతో భాగము వృథాయగుచుండెను. ప్రథమప్రపంచయుద్ధమున సైనికుడై గాయపడి, పిమ్మట కేంబ్రిడ్జిలో అటవీశాస్త్రము నభ్యసించి, 1920లో అటవీశాఖ సహాయాధికారిగా కెన్యాకు వెళ్లెను.

అక్కడి కికుయు జాతివారి సేద్యము మన పోడువ్యవసాయము వంటిది. అడవిని నరికి, కాల్చి, కొన్నియేండ్లు పైరు పండించి, నేల సారము తగ్గగానే మరియొక చోటికి తరలుచుండిరి. చెట్లు నాటుడని బేకరు కోరగా, అది భగవంతుని పనియే కాని తమ పని కాదని వారు బదులు చెప్పిరట. శాసనముతో నిర్బంధించుట అధికారికి అలవాటైన మార్గము. బేకరు ఆ మార్గమున పోలేదు. కికుయులకు విత్తుటకును కోతకును వేరువేరు నృత్యములుండుట గమనించి, చెట్లు నాటుటకును ఒక నృత్యమేల యుండరాదని పెద్దల నడిగెను. జోసయా న్జోన్జో అను నాయకుని సాహాయ్యముతో 1922 జూలై 22వ తేదీన 'వృక్షనృత్యము' జరిగెను. మూడువేలమంది యువకులు వచ్చిరని బేకరు వ్రాసెను. వారిలో ఏబదిమంది ఏటేట నియతసంఖ్యలో మొక్కలు నాటుదుమనియు, ఉన్న చెట్లను కాపాడుదుమనియు, దినమున కొక సత్కార్యము చేయుదుమనియు ప్రతిజ్ఞ పట్టిరి. వారికి స్వాహిలీ భాషలో 'వాటు వా మీటి' యను పేరు కలిగెను. వృక్షజనులని దాని యర్థము.

బేకరు కృషికంతకును ఈ ఘట్టము బీజము. రాజాజ్ఞగా నుండిన వృక్షపోషణమును ఆయన జనదీక్షగా మార్చెను. ఆజ్ఞను మీరినవాడు అధికారికి మాత్రమే జవాబుదారి. దీక్షను విడిచినవాడు తనవారి యెదుట తలవంచుకొనవలెను. ఈ భేదమును గ్రహించుటయే ఆయన విశిష్టత.

ఐనను ఈ కథకు రెండవ పార్శ్వము కలదు. దీనిని మనము ప్రధానముగా బేకరు రచనలనుండియే యెరుగుదుము. ఆ కథనమున కికుయులు చెట్టు విలువ నెరుగని వారుగను, విదేశీయుడు దానిని నేర్పినవాడుగను కనిపింతురు. కాని కికుయులు 'ముగుమో' అను అత్తిజాతి వృక్షమును పవిత్రముగా భావించి, దానిని నరకక కాపాడిన వారు. మరియు పోడుసేద్యమునకు విశాలమైన భూమి కావలెను. విడిచిన నేలపై అడవి మరల పెరుగువరకు వేచియుండుటకు తావుండవలెను. ఆ తావును హరించినది వలసపాలనమే. మేలైన ఎత్తుభూములు తెల్లవారి వశమయ్యెను. 1915 నాటి శాసనము వారికి 999 ఏండ్ల కౌలును సైత మనుమతించెను. ఇరుకైన హద్దులలో మిగిలినవారు అడవికి చేటు చేయుచున్నారని నిందించుటలో న్యాయము సగమే కలదు. ప్రతిజ్ఞ పట్టినవారికి తమ నేలపై హక్కు లేకుండెను.

1924లో బేకరు తన సంఘమును 'మెన్ ఆఫ్ ది ట్రీస్' అను పేరుతో ఇంగ్లండున స్థాపించెను. అటుపిమ్మట నైజీరియా అడవులలో పనిచేసెను. 1929లో పాలస్తీనాకు పోయి, భిన్నమతముల పెద్దలను వనపోషణమునకై ఏకము చేయ యత్నించెను. కాలిఫోర్నియాలోని రెడ్‌వుడ్ మహావృక్షముల రక్షణకై ప్రచారము సాగించెను. ఉద్యోగము వీడినపిమ్మట రచనయు, ఉపన్యాసమును ఆయనకు సాధనములయ్యెను. ఆయన శైలి శాస్త్రజ్ఞుని శైలి కాదు. స్వానుభవమును కథగా చెప్పి, కథనుండి ఉపదేశమునకు పోవుట ఆయన పద్ధతి. పాఠకుని కదిలించు బలము దానియందు కలదు. ఋజువు నడుగు పాఠకునికి అది చాలదు.

ఈ బలహీనత సహారాను గూర్చిన గ్రంథములలో స్పష్టపడును. 1952-53లో ఆయన ఆ యెడారిప్రాంతమున సుదీర్ఘయాత్ర చేసి, 'సహారా ఛాలెంజ్' (1954), 'సహారా కాంక్వెస్ట్' (1966) అను గ్రంథములు ప్రకటించెను. అడవులను మానవుడు నరుకుటవలననే ఎడారి వ్యాపించుచున్నదనియు, చెట్లపంక్తులతో దానిని నిలువరించి, క్రమముగా పచ్చబరుపవచ్చుననియు ఆయన వాదము. నేటి విజ్ఞానము దీనిని యథాతథముగా అంగీకరింపదు. సహారా ఒకప్పుడు గడ్డిమైదానములతో, సరస్సులతో నొప్పినది నిజమే. సుమారు 5,000 ఏండ్లకు పూర్వము అది ఎండిపోవుటకు మూలకారణము భూభ్రమణకక్ష్యలో నెమ్మదిగా కలిగిన మార్పు. 1960ల చివర మొదలైన సహేల్ అనావృష్టికిని సముద్రజలముల ఉష్ణోగ్రతలోని మార్పు ముఖ్యకారణమని తేలినది. గొడ్డలి చేసిన హాని కలదు గాని అదియే సర్వకారణము కాదు.

ఇట్లు సిద్ధాంతము వీగిపోయినను, దీక్షాభావము వీగిపోలేదు. 2007లో ఆఫ్రికా సమాఖ్య, సెనెగల్ మొదలు జిబూటీ వరకు సుమారు 8,000 కిలోమీటర్ల హరితకుడ్యమును సంకల్పించెను. చెట్లగోడగా మొదలైన ఆ భావన క్రమముగా గ్రామగ్రామమున భూపోషణముగా మారినది. ఆ మార్పునకు నైజర్ దేశపు రైతులు మార్గము చూపిరి. 1980ల మధ్యనుండి వారు కొత్తమొక్కలు నాటుటకంటె, పొలములలో మిగిలిన మోళ్లనుండి వచ్చు చిగుళ్లను కాపాడుటకు పూనుకొనిరి. సుమారు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగి పెరిగినవి. అంతకు పూర్వము చెట్టు ప్రభుత్వపు సొత్తు. అది తనదని రైతు భావింపగలిగినప్పుడే దానిని కాపాడెను.

కికుయు జాతిలో జన్మించిన వంగారి మాథాయి చరిత్రమును ఇందులకే సాక్ష్యము. ఆమె 1977లో కెన్యాలో స్థాపించిన హరితమేఖలోద్యమమున గ్రామస్త్రీలు నారు పెంచి నాటిరి. బ్రదికిన మొక్కకు మాత్రమే వారికి కొద్దిపాటి పైకము ముట్టుచుండెను. నాటుటతో నిలువక, ఆమె ప్రజాభూముల ఆక్రమణమును ఎదిరించి దెబ్బలు తిన్నది. 2004లో నోబెల్ శాంతిబహుమాన మందుకొన్నది. మన దేశమున 1974లో ప్రభుత్వము వేలమువేసిన రేణీ అడవికి గౌరాదేవియు, ఆమె తోడి స్త్రీలును అడ్డునిలిచిరి. 1970ల చివర వృద్ధుడైన బేకరు భారతదేశమునకు వచ్చి, చిప్కో నాయకుడు సుందర్‌లాల్ బహుగుణను కలిసికొని ఆ యుద్యమమును మెచ్చుకొనెను. ఈ రెండు తావులందును దీక్ష పట్టినవారు ఆ నేలవారే. ఎవరును వారిని పిలిచి నృత్యము చేయింపలేదు.

1982 జూన్ 5వ తేదీన, ప్రపంచ పర్యావరణ దినమున, తాను చదివిన సస్కచెవాన్ విశ్వవిద్యాలయ ప్రాంగణమున బేకరు తుదిమొక్కను నాటెను. నాలుగు దినముల పిమ్మట ఆ నగరముననే మరణించెను.

కావున పరిశోధకవిద్యార్థులు బేకరు గ్రంథములను రెండు విధముల చదువవలెను. అందలి కారణనిరూపణమును నేటి శాస్త్రముతో సరిచూచుకొనవలెను. కథనమును, అందు మాటలాడనీయబడని వారి పక్షమునుండి మరల విచారింపవలెను. ఆ పరీక్షకు నిలిచిన సత్యము ఒకటి కలదు. చెట్టును కాపాడునది శాసనముకంటె మనుష్యుల పూనిక. ఆ పూనికకు నేలపై హక్కు తోడు కావలెనను రెండవ సగమును బేకరు చెప్పలేదు. దానిని అనంతరకాలమున కెన్యా స్త్రీలు, నైజర్ రైతులు, హిమాలయ గ్రామస్థులు పూరించిరి.