ఇల్లు న్యూజెర్సీలో, పన్ను న్యూయార్క్‌కు

ఎడిసన్‌లో ఉంటూ, పొద్దున్నే మెట్రోపార్క్‌లో రైలెక్కి మన్‌హాటన్‌లో ఉద్యోగానికి వెళ్లొచ్చే తెలుగువాళ్లు ఎందరో. వాళ్ల పిల్లల చదువు న్యూజెర్సీ బడుల్లో. జీతంలోంచి ముందుగా పన్ను పట్టుకునేది మాత్రం న్యూయార్క్.

మన దేశంలో ఈ చిక్కు లేదు. వ్యవసాయేతర ఆదాయంపై పన్ను కేంద్రానిదే. రాష్ట్రాల వృత్తిపన్ను ఏడాదికి 2,500 రూపాయలు దాటకూడదు. అమెరికాలో ఫెడరల్ పన్నుకు తోడు చాలా రాష్ట్రాలకు సొంత ఆదాయపన్ను ఉంది. పని ఎక్కడ జరిగితే ఆ రాష్ట్రానికి తొలి హక్కు. ఇల్లున్న రాష్ట్రం మొత్తం ఆదాయాన్నీ లెక్కగట్టి, పక్క రాష్ట్రానికి కట్టినదాన్ని క్రెడిట్‌గా తగ్గిస్తుంది.

అయితే ఆ తగ్గింపుకు హద్దుంది. ఒకే జీతంపై న్యూయార్క్ పన్ను 6,000 డాలర్లు, న్యూజెర్సీది 4,000 అనుకుందాం. న్యూజెర్సీకి ఇక కట్టాల్సింది ఉండదు, కానీ పైనున్న 2,000 వెనక్కి రాదు. రెండుసార్లు పన్ను పడదు నిజమే, ఎక్కువ రేటు మాత్రం తప్పదు. పైగా జంటగా రిటర్ను వేస్తే, న్యూజెర్సీలోనే పనిచేసే భార్య జీతం కూడా భర్తకు న్యూయార్క్‌లో పడే రేటును పెంచుతుంది.

అసలు పేచీ ఇంటి నుంచి పనిచేసే రోజులతో. కంపెనీ అవసరం కొద్దీ కాక ఉద్యోగి తన వీలు కోసం ఇంట్లో ఉంటే, ఆ రోజుల్నీ న్యూయార్క్ తన ఖాతాలోనే వేసుకుంటుంది. కనెక్టికట్‌లో ఉంటూ న్యూయార్క్‌లో న్యాయశాస్త్రం బోధించే ప్రొఫెసర్ ఎడ్వర్డ్ జెలిన్‌స్కీ దీనిపై పోరాడారు. 2003లో న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం ఆయన వాదన ఒప్పుకోలేదు. ఇలాంటి నిబంధన ఉన్న రాష్ట్రాల్లో నివసించే ఉద్యోగులకు అదే నిబంధన తానూ వర్తింపజేసేలా 2023లో న్యూజెర్సీ చట్టం చేసింది. నదికి ఇవతల, న్యూజెర్సీలోని సొంత ఇంట్లో చేసిన పనికి అవతలి రాష్ట్రం పన్ను అడగడం అన్యాయమే.

అన్నిచోట్లా ఇంత గొడవ లేదు. న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల మధ్య ఒప్పందం ఉంది కాబట్టి జీతంపై రాష్ట్రపన్ను ఇల్లున్న చోటే కడితే చాలు. ఫిలడెల్ఫియా నగర వేతన పన్ను మాత్రం ఆ ఒప్పందంలోకి రాదు. ఇక వాషింగ్టన్ రాష్ట్రంలో జీతాలపై పన్నే లేదు. అక్కడి వాంకూవర్‌లో ఉంటూ నది దాటి పోర్ట్‌లాండ్‌లో పనిచేసేవారికి ఆ సదుపాయం దక్కదు. ఆరెగన్‌కు పన్ను కట్టాల్సిందే.

కొత్తగా ఇల్లు మారేవారు, ఉద్యోగం మారేవారు ఆ మాట ముందే హెచ్ఆర్‌కు చెప్పాలి. ఇంటి నుంచి పనిచేయమని కంపెనీయే కోరితే దాన్ని రాతపూర్వకంగా తీసుకుని, ఎక్కడ ఏ రోజు పనిచేశారో రాసిపెట్టుకోవాలి. రిటర్నులు వేసేటప్పుడు ముందు పనిచేసే రాష్ట్రానిది పూర్తిచేయండి. అక్కడ తేలిన పన్ను అంకె లేకుండా ఇంటి రాష్ట్రంలో క్రెడిట్ లెక్క కుదరదు.